మసకబారిన దీపమునకు జవాబుదారుడెవడు?

ఏ దుర్బుద్ధియు లేక తన పని తాను చేసికొనుచు పోవుచున్న ఒక మనుష్యుని చేతిలోని వస్తువు, కొంచెము కొంచెముగా చెడిపోయి ఇతరుల ప్రాణమునకు అపాయకరమైనయెడల, ఆ అపాయమునకు అతడు జవాబు చెప్పవలెనా? ప్రియ చదువరులారా, ఇది పండితుల సభలలో మాత్రమే పుట్టు ప్రశ్న కాదు. మన రోడ్లమీద ప్రతి రాత్రి ఇది రెండు కండ్లతో మనకు ఎదురుగా వచ్చుచున్నది.

జగిత్యాల బస్‌స్టాండు ఎదుటనో, కోరుట్లలో మెట్‌పల్లికి పోవు దారి ప్రక్కనో, సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు వినబడు వీథులలోనో నిలిపియున్న పాత కార్లను ఒకసారి పగటివేళ దగ్గరకు పోయి చూడుడి. వాటి హెడ్‌లైట్లమీది అద్దము కొత్తలో బావినీళ్లవలె తేటగా ఉండెడిది. పది పండ్రెండు ఏండ్లు గడచిన తరువాత అది పసుపు ఉడికించిన కాగులోని నీళ్లవలె అయినది. (పసుపు ఉడికించుట ఎట్టిదో మన ప్రాంతపు రైతులకు నేను చెప్పనక్కరలేదు.) లోపల బల్బు ఉన్నది, అది బాగుగనే వెలుగుచున్నది, బ్యాటరీలో బలమున్నది. వెలుగు పుట్టుచున్నది గాని బయటికి రావలసిన రీతిగా వచ్చుట లేదు.

మనము అలవాటుచొప్పున దానిని అద్దమనుచున్నాము గాని అది గాజు కాదు. అంబాసిడర్ కారుకును పాత జీపులకును ఉన్నది గాజు. గాజు రాయి తగిలినయెడల పగులును గాని ఎండకు పచ్చబడదు. ఇప్పటి బండ్లమీద ఉన్నది పాలీకార్బొనేట్ అను ప్లాస్టిక్కు. 1953లో జర్మనీ దేశమందు బేయర్ కంపెనీలో పనిచేయు హెర్మన్ ష్నెల్ అను శాస్త్రజ్ఞుడును, ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేయు డేనియల్ ఫాక్స్ అను శాస్త్రజ్ఞుడును, ఒకరి సంగతి మరియొకరికి తెలియకుండగనే దీనిని తయారుచేసిరి. గాజుకంటె ఎంతో తేలిక. సుత్తితో కొట్టినను సులభముగా పగలదు. ఏ ఆకారములో కావలెనన్నను ఆ ఆకారములో పోయవచ్చును. 1984వ సంవత్సరపు మోడలుగా అమెరికాలో వచ్చిన లింకన్ మార్క్ సెవెన్ అను కారుతో అక్కడ ఈ విధమైన దీపములు మొదలై, తరువాత లోకమంతట వ్యాపించినవి. ప్రమాదము జరిగినప్పుడు గాజు పెంకులు ఎగిరి మనుష్యులకు గుచ్చుకొనకుండుట ఒక మేలు. మేలులేని వస్తువని దీనిని నేను అనను.

అయితే దీనికి రెండు బలహీనతలు కలవు. మెత్తనిదగుటచేత గీతలు సులభముగా పడును. ఎండలోని అతినీలలోహిత కిరణములకు ఇది తాళలేదు. అందుచేత కంపెనీవారు దానిమీద కంటికి కనబడని పలుచని గట్టి పూత ఒకటి వేసి పంపుదురు. ఆ పూత ఉన్నంతకాలము దీపము తేటగా ఉండును. మే మాసములో 45 డిగ్రీలు దాటు మన ఎండలు, లారీల వెనుక లేచు ఇసుక దుమ్ము, పొడిగుడ్డతో మనము గట్టిగా తుడుచు తుడుపులు, ఇవన్నియు ఏండ్ల తరబడి ఆ పూతను తినివేయును. పూత పోయిన చోట ఎండ ప్లాస్టిక్కులోనికే దిగి దాని లోపలి గొలుసులను త్రెంచును. అప్పుడు అది పచ్చబడును, పైభాగమున కంటికి ఆనని సన్నని పగుళ్లు పుట్టును, ఆ పగుళ్లలో మురికి చేరును.

ఇందులో దోషి ఎవడు? ఎవడును లేడు. ఎండ తన పని తాను చేసినది. యజమానుడు బండిని చెట్టు క్రింద నిలుపక ఎండలో నిలిపెననుట ఒక నేరమా? ఊరిలో ప్రతివానికి చెట్టు నీడ దొరకదు గదా. గర్భిణీ స్త్రీని ఆసుపత్రికి చేర్చుటకు పోయిన బండి దీపమును, పేకాటకు పోయిన బండి దీపమును ఎండ ఒకే విధముగా మసకబరచును. గనుక మసకబారుటనుబట్టి ఒకనిని తప్పుపట్టుట న్యాయము కాదని నా తలంపు. ప్రశ్న అక్కడ లేదు. మసకబారిన తరువాత అతడు దానిని ఎరుగకపోవుటను గూర్చియే ప్రశ్న.

అతడు నిజముగా ఎరుగడు. ఇది వినుటకు వింతగా ఉండును గాని సత్యము. ఒక్క రాత్రిలో దీపము సగమైపోయినయెడల ఏ డ్రైవరైనను మరునాడు మెకానిక్కు దగ్గరకు పోవును. పదేండ్లలో, దినమునకు వెంట్రుకవాసి చొప్పున తగ్గినయెడల, నేటి దీపము నిన్నటి దీపమువలెనే ఉండును. కంటిలో శుక్లము పెరుగునప్పుడు జరుగునదియు ఇదియే. కన్ను ఆపరేషన్ చేయించుకొని వచ్చిన మన పెద్దమ్మలను అడిగి చూడుడి. పట్టీ విప్పిన దినమున, గోడ ఇంత తెల్లగా ఉన్నదా, కోడలి చీర రంగు ఇదియా అని ఆశ్చర్యపడుదురు. దానికి నెల దినముల ముందు ఆసుపత్రికి రమ్మని పిలిచినప్పుడు ఆమెయే, “నాకు మంచిగనే కండ్లు కనబడుతున్నయి బిడ్డా, ఎందుకు ఖర్చు?” అని అనియుండును. ఆమె అబద్ధమాడలేదు. తనకు కనబడనిది తనకు కనబడుట లేదని ఎవరు తమంతట తాము తెలిసికొనగలరు?

ఎంత తగ్గునో కొలిచి చూచినవారు కలరు. 2018లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ అను సంఘమువారు మసకబారిన పాత దీపములను పరీక్షించి, కొత్త దీపము ఇచ్చు వెలుగులో ఇంచుమించు అయిదవ వంతు మాత్రమే వాటినుండి వచ్చుచున్నదని తెలిపిరి. అయిదు రూపాయలు ఇయ్యవలసిన చోట ఒక రూపాయి ఇచ్చు దీపమన్నమాట. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. ఎదుట ఏదియో ఉన్నదని కన్ను గుర్తించి కాలు బ్రేకు మీదికి పోవు లోపలనే ఆ సెకను గడచిపోవును. అయిదవ వంతు వెలుగుతో నడుపువాడు తనకు కనబడు దూరమును మించి పరుగెత్తుచున్నాడు. కాని స్టీరింగు దగ్గర కూర్చున్నవానికి అట్లు తోచదు.

ఇంతవరకు చెప్పినది అతనికే కలుగు నష్టము. ఇతరులకు కలుగు నష్టము వేరొకటి ఉన్నది. దీనిని చాలమంది ఎరుగరు. మసకబారిన దీపములో తగ్గిన వెలుగు ఎక్కడికి పోయినది? కొంత ఆ మసకలోనే ఇంకిపోయినది. మిగిలినది రోడ్డుమీద పడక పైకిని ప్రక్కలకును చెదరినది. మురికి పట్టిన కిటికీమీద ఎండ పడినప్పుడు కిటికీ అవతలిది కనబడక కిటికీయే వెలుగుచున్నట్లు కనబడుటను మీరు చూచియుందురు. అట్లే ఈ దీపము రోడ్డును చూపింపక తానే వెలుగు ముద్దవలె కనబడును. దీపము దించి డిమ్‌లో పెట్టినను ఎదుటివాని కండ్లలో పడుట మానదు. తన దారిని చూపవలసిన వెలుగును అతడు ఎదుటివాని కండ్లలో పోయుచున్నాడు. అతడు మంచివాడే, ఎదుటి బండి రాగానే మర్యాదగా డిమ్ కొట్టుచున్నాడు, తన మర్యాద తాను చేసితిననుకొనుచున్నాడు.

ఆ ఎదుటివారెవరు? నిజామాబాదునుండి ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి మీదుగా మంచిర్యాల వైపు పోవు 63వ నంబరు జాతీయ రహదారి లారీలకొరకు మాత్రమే వేయబడినది కాదు. బీడీలు అప్పగించి చీకటిపడిన తరువాత ఇంటికి నడచివచ్చు అమ్మలు ఆ దారినే వత్తురు. వరి కోతల కాలమున రైతులు సగము రోడ్డుమీద వడ్లు ఆరబోసి, రాత్రికి కుప్పచేసి నల్లని పరదా కప్పి, చుట్టును రాళ్లు పెట్టుదురు. నల్లని రోడ్డుమీద నల్లని పరదా! (ఈ అలవాటును గూర్చి వేరుగా వ్రాయవలసియున్నది, ఆరబోయుటకు కల్లములు లేని రైతును మాత్రమే నిందించుట నాకు మనసొప్పదు.) కొండగట్టుకు పోవు హనుమాన్ భక్తులు గుంపులు గుంపులుగా రాత్రివేళ కాలినడకన పోవుదురు. సిరిసిల్లలో రాత్రి పాళీ దిగిన మరమగ్గముల కార్మికుడు నిద్రకండ్లతో సైకిలు తొక్కుచుండును. వీరిలో ఒక్కరికిని హెడ్‌లైటు లేదు. వీరందరు మన హెడ్‌లైటును నమ్ముకొని నడచుచున్నారు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు దారిలో బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా చనిపోయిన విపత్తు పట్టపగలు జరిగినది. దీపములకు దానితో సంబంధము లేదు. అయినను దాని తరువాత మన ప్రాంతములో ఎవరును రోడ్డును గూర్చి తేలికగా మాటలాడరు గనుక, నేనును తేలికగా మాటలాడుట లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఎరుగనివాడు జవాబు చెప్పవలెనా?

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన కట్టడ ఒకటి మీకు తెలియును. అంతకుముందు ఎన్నడును పొడువని ఎద్దు ఒకనిని పొడిచి చంపినయెడల దాని యజమానుడు నిర్దోషి. ముందే పొడుచుట దానికి అలవాటై, ఆ సంగతి యజమానునికి తెలుపబడినను అతడు దానిని కట్టక విడిచినయెడల అతడు దోషి. ఈ కట్టడను చూచి మన డ్రైవరు, “నాకు ఎవరును చెప్పలేదు గదా, నేను మొదటి వరుసలోనివాడను” అని అనవచ్చును. ఆ మాట కొట్టివేయదగినది కాదు. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో వేరొక కట్టడ ఉన్నది. కొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు చుట్టు పిట్టగోడ కట్టవలెను. కట్టకయుండగా ఎవడైనను పడినయెడల ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చును. ఇక్కడ ఎవడును ఇంకను పడలేదు. ఎవడును వచ్చి హెచ్చరింపలేదు. ఎద్దు విషయములో యజమానుని హెచ్చరించుట ఇతరుల వంతు. మిద్దె విషయములో ముందుగా ఆలోచించుట యజమానుని వంతు. ఎద్దు మనసు యజమానునికి తెలియదు. మిద్దె ఎత్తు మాత్రము కట్టినవానికి తెలియును.

మరి హెడ్‌లైటు ఎద్దువంటిదా, మిద్దెవంటిదా? మిద్దెవంటిదేయని నేననుచున్నాను. అది ఎదుటనే ఉన్నది. దానికి మనసు లేదు, దాచుకొను గుణము లేదు. బండి దిగి ముందుకు నాలుగడుగులు వేసి తిరిగి చూచినవానికి కనబడును. మన దేశపు చట్టమును ఈ సంగతిని బాగుగా గ్రహించినది. 1988 మోటారు వాహనముల చట్టములో 190వ సెక్షను, అపాయకరమైన లోపముగల బండిని నడుపువానిని గూర్చి చెప్పునప్పుడు, ఆ లోపము అతనికి తెలిసియున్నను, లేక సాధారణమైన జాగ్రత్తతో తెలిసికొనగలిగినదై యుండినను, రెంటిని ఒక్కటిగానే ఎంచినది. ఎరుగకపోవుటలో రెండు విధములు కలవన్నమాట. ఎంత వెదకినను దొరకనిదానిని ఎరుగకపోవుట ఒకటి. తల త్రిప్పి చూడనందున ఎరుగకపోవుట వేరొకటి. మొదటిదానికి జాలిపడవలెను. రెండవదానికి పేరు తెలియనితనము కాదు, చూడనితనము. పైగా కిరాయికి తిరుగు బండికైతే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు నిమిత్తము అప్పుడప్పుడైనను ఎవరో ఒకరు పరీక్షింతురు. స్వంత కారుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏండ్లవరకు చెల్లును; అంతకాలము దాని దీపమును చూచు అధికారి ఎవడును ఉండకపోవచ్చును. చూడవలసినవాడు యజమానుడొక్కడే.

“ఇన్నేండ్లు నడిపితిని, ఒక్క ప్రమాదము జరుగలేదు” అను మాటయు వినుచుందుము. పిట్టగోడ లేని మిద్దెమీద పిల్లలు పదేండ్లు ఆడుకొనియుండవచ్చును. ఎవరును పడకపోవుట ఆ పిల్లల అదృష్టమే గాని గోడ కట్టనివాని జాగ్రత్త కాదు.

సరే, చూచెను, మసకబారినదని తెలిసికొనెను. తరువాత ఏమి చేయవలెను? మన ఊళ్లలో సాధారణముగా మొదట చేయుచున్న పని బల్బు మార్చుట. కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వాట్లది పెట్టుదురు. లేదా కండ్లు చెదరు తెల్లని ఎల్‌ఈడీ పెట్టుదురు. మసక అట్లే ఉన్నది గనుక చెదరునది ఇప్పుడు రెండింతలు చెదరును. ఎదుటివాని కండ్లకు రెండింతల బాధ. ఎక్కువ వాట్ల వేడిమికి దీపములోని ప్లాస్టిక్కును వెండిపూతయు ఇంకను త్వరగా పాడగును. లోపము ఒకచోట ఉండగా బలము మరియొకచోట పెంచుట మన కుటుంబములలోను సంఘములలోను చూచుచున్నదే గాని, ఆ సంగతి ఇప్పుడు వద్దు.

రెండవది పళ్ల పేస్టు. దీనిలో సన్నని గరుకు పొడి ఉండుటచేత రుద్దినప్పుడు పైమురికి పోయి దీపము మెరయును. యజమానుడు సంతోషించును. పగుళ్లు అట్లే ఉండును, మిగిలిన కొద్దిపాటి పూతయు అరిగిపోవును. కొన్ని వారములకు మరల పచ్చదనము తేలును.

సరియైన పని ఎట్లు చేయుదురో కోరుట్లలో ఒక మేస్త్రీ చేయుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిని. మొదట దీపమును సబ్బునీళ్లతో కడిగి, చుట్టునున్న రంగు గీసుకొనిపోకుండ టేపు అంటించెను. తరువాత వాటర్ పేపరు, అనగా నీళ్లతో రుద్దు గరుకు కాగితము, 800 నంబరుది తీసికొని నీళ్లు చల్లుచు ఒకే వైపునకు రుద్దసాగెను. కారిన నీళ్లు పసుపుపచ్చగా ఉండెను. పాత పూత అంతయు పోవువరకు ఆగరాదట; అక్కడక్కడ మిగిలినయెడల కొత్త పూత సరిగా పట్టదు, మచ్చలుగా నిలుచును. “పచ్చటి నీళ్లు పోయి తెల్లటి నీళ్లు అచ్చేదాక పేపర్ మార్చద్దు అయ్యగారూ” అనెను. ఆ మాట నాకు బాగుగా నచ్చెను. తెల్లని నీళ్లు వచ్చిన తరువాత దీపమును చూచితిని. అది మునుపటికంటె అధ్వాన్నముగా, పాలు పూసినట్లు పూర్తిగా గ్రుడ్డిదై ఉండెను. బండి యజమానుడు భయపడి లేచి నిలిచెను. మేస్త్రీ నవ్వి ఊరకుండెను. ఈ దశలో పని ఆపివేసి తగవు పెట్టుకొని బండి తీసికొనిపోవువారును ఉందురట.

తరువాత 1000, 2000, 3000 నంబరు కాగితములు ఒకదాని తరువాత ఒకటి. ముందు కాగితము చేసిన గీతలను వెనుకటి కాగితము చెరిపివేయును. నంబరు పెరిగినకొలది గీత సన్నబడును. నడుమ ఒక నంబరును దాటవేసినయెడల పెద్ద గీతలు నిలిచిపోయి చివర ఎంత మెరుగుపెట్టినను కనబడుచునే ఉండును. పిమ్మట రబ్బింగ్ కాంపౌండుతో మెరుగుపెట్టగా దీపము తేటయయ్యెను. యజమానుడు జేబులో చేయిపెట్టి డబ్బు తీసెను. పని ఇంకను ముగియలేదు. ఇప్పుడు దీపము తేటగా ఉన్నది గాని నగ్నముగా ఉన్నది. కంపెనీ పూత లేదు, కొత్త పూత లేదు. ఇట్లే విడిచినయెడల కొన్ని నెలలలోనే మరల పచ్చబడును. ఊడ్చి ఖాళీగా విడువబడిన ఇంటిని గూర్చి ప్రభువు చెప్పిన మాట మీకు జ్ఞాపకము వచ్చుచుండును. నేను దానిని ఇక్కడికి లాగను. దీపమును గూర్చి మొదలుపెట్టితిమి గనుక దీపమును గూర్చియే ముగింతము. మేస్త్రీ స్పిరిటుతో దానిని తుడిచి, చేయి తగులనీయక, ఎండను తట్టుకొను క్లియర్ పూతను హార్డ్‌నరుతో కలిపి పలుచగా కొట్టి, దుమ్ము లేని చోట ఆరనిచ్చెను. ఆ పూత ఉన్నంతకాలము ఆ దీపము నిలుచును. అదియు పోయినప్పుడు మరల చేయవలెను.

ఇంత చేసినను దీపము కొత్తది కాదు. పైన చెప్పిన అమెరికా పరీక్షలో, ఇట్లు బాగుచేసిన దీపములు కొత్తదానిలో ఇంచుమించు 70 పాళ్ల వెలుగు ఇచ్చినవి. అయిదవ వంతుతో పోల్చినయెడల అది గొప్ప లాభమే. మసక లోపలివైపున ఉన్నను, చెమ్మ చేరి ఆవిరి పట్టినను, పగుళ్లు లోతుగా దిగినను పైన ఎంత రుద్దినను ప్రయోజనము లేదు. అప్పుడు దీపమునే మార్చవలెను.

ఇక వేరొక కష్టమైన ప్రశ్న. గల్ఫులో కొన్ని ఏండ్లు కష్టపడి తిరిగివచ్చిన ఒక తమ్ముడు, మిగిలిన సొమ్ముతో కోరుట్ల, జగిత్యాల మధ్య కిరాయికి తిప్పుకొనుటకు పాత కారు ఒకటి కొనుటకు వచ్చుచున్నాడనుకొనుడి. అమ్మువాడు ముందటి సాయంకాలము దీపములను పేస్టుతో రుద్దించి మెరయునట్లు చేసినాడు. ఇది అబద్ధమా? “బండి కడుగుట అబద్ధమా? పశువుల సంతకు పోవునప్పుడు ఎద్దును కడిగి కొమ్ములకు రంగు వేయమా?” అని అమ్మువాడు అడుగును. కడుగుట అబద్ధము కాదు. కడిగిన బండిని చూచి ఇంజను మంచిదని ఎవడును నమ్మడు. కొమ్ముల రంగును చూచి ఎద్దు దున్నునని ఎవడును డబ్బియ్యడు. మెరయు దీపమును చూచినవాడు మాత్రము, ఈ దీపము బాగున్నది, దీనికి ఖర్చు లేదు, ఈ రాత్రినుండి దీనితో నడుపవచ్చునని నమ్మును. అమ్మువానికి అది కొన్ని వారముల మెరుపేయని తెలియును. కొనువాడు ఏది నమ్మునని తెలిసి, అది నిజము కాదని ఎరిగి, ఆ నమ్మకము పుట్టుటకే చేసిన పని అబద్ధమే. నోటితో చెప్పలేదు, చేతితో చెప్పినాడు.

దీనికి నాకు తోచిన పరీక్ష ఒకటే. చేసినదానిని కొనువాని ఎదుట బిగ్గరగా చెప్పగలవా? “తమ్మీ, నిన్న పేస్టుతోని రుద్దించిన, క్లియర్ కొట్టియ్యలేదు, నువ్వు కొట్టిచ్చుకోవాలె” అని చెప్పగలిగినయెడల ఆ రుద్దుటలో పాపము లేదు. ధర కొంచెము తగ్గవచ్చును. క్లియర్ కొట్టించి సరిగా బాగుచేసినవాడును చెప్పవలెనా? అడిగినప్పుడు చెప్పిన చాలునని కొందరు పెద్దలు నాతో వాదించిరి. నేను ఒప్పుకొనలేదు. రేపటి రాత్రి ఆ వెలుగులో రోడ్డును చూడవలసినవాడు కొన్నవాడే గాని అమ్మినవాడు కాదు. ముప్పది పాళ్లు తక్కువ ఉన్నదని ఎరిగినవాడు నెమ్మదిగా నడుపును. ఎరుగనివాడు కొత్త దీపమనుకొని నడుపును.

డ్రైవర్లను గూర్చియు అమ్మువారిని గూర్చియు ఇంత వ్రాసితిని. బండి లేనివారు ఇంతవరకు సుఖముగా చదివియుందురు. వారికిని ఒక మాట. ప్రతి క్రిస్మసుకు మన పల్లెలనుండి కుటుంబములు కుటుంబములుగా కిరాయి బండ్లు మాట్లాడుకొని మెదకు మహాదేవాలయమునకు పోవుచున్నారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయమును చూచి, ఆరాధనలో కూర్చుండి, చీకటిపడిన తరువాత బయలుదేరి అర్ధరాత్రికి ఇల్లు చేరుదురు. ఆ బండిని మాట్లాడునప్పుడు మనము ఏమి అడుగుదుము? ఎంతమంది పట్టుదురు, ఎంతకు వచ్చును, ఇంకను ఎంత తగ్గించును. ముగ్గురు డ్రైవర్లను అడిగి అందరికంటె తక్కువ చెప్పినవానిని పిలుతుము. తక్కువ చెప్పినవాడు ఆ తక్కువను ఎక్కడనుండి తెచ్చును? తన భోజనములోనుండి కొంత, నిద్రలోనుండి కొంత, టైర్లలోనుండియు దీపములోనుండియు మిగిలినది. దీపమును చూడనివాడు జవాబుదారుడైనయెడల, దీపమునకు ఖర్చుపెట్టలేనంతగా బేరమాడిన మనకు ఆ జవాబులో పాలు లేదా? డ్రైవరు బీదవాడు, అతని మెడమీద మొత్తము భారము మోపి మనము వెనుక సీటులో నిద్రపోవుట నాకు న్యాయముగా తోచదు. మాట్లాడుకొన్న కిరాయికి దీపము బాగుచేయించు ఖర్చు చేర్చి ఇచ్చిన సంఘమును ఒకదానిని నేనెరుగుదును. కొత్త దీపము ఖరీదుతో పోల్చినయెడల అది స్వల్పమే. బండిలోనివారందరు పంచుకొనగా తలకు ఒక టీ ఖర్చు అంతయు పడలేదు.

బయలుదేరుటకు కొన్ని దినములు ముందుగా, బాగుచేయించుటకు సమయముండగానే, ఒక రాత్రి బండిని పిలిపించుడి. చదునైన నేలమీద గుడి గోడకు ఇరువదియైదు అడుగుల దూరమున నిలిపి డిమ్ వేయించుడి. గోడమీద వెలుగు పైఅంచు గీత గీసినట్లు తెగి కనబడినయెడల మంచిది. అంచు లేక పొగవలె చెదరి పై కప్పువరకు ప్రాకినయెడల, లేదా కుడి ఎడమ దీపముల రంగు వేరువేరుగా ఉన్నయెడల, డ్రైవరునే స్టీరింగు దిగి గోడ దగ్గరకు వచ్చి చూడుమనుడి. అతడు చాల ఏండ్లుగా అటువైపునుండి చూచియుండడు. బాగుచేయుటకు సమయము చాలక అదే బండిలో పోవలసివచ్చినయెడల, ఆ రాత్రి మెదకులోనే ఉండి తెల్లవారిన తరువాత బయలుదేరుటకు ఇంటివారు ఒప్పుకొందురా అని ముందే అడిగి, పిల్లలకు దుప్పట్లు సర్దుకొని పోవుడి.